రెండు తోకలు

విమానాశ్రయంలో అతన్ని అందరూ తోక అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయనకి కూడా ఒకటో తారీఖున మాత్రమే గుర్తొస్తుంది.

ఆ పేరు ఊరికే రాలేదు. విమానం నేల మీద నిలబడి ఉన్నప్పుడు దాని కాళ్ళు పొరపాటున ముడుచుకుపోకుండా ఇనప పిన్నులు దోపి పెడతారు. ఎగరబోయే ముందు వాటిని లాగెయ్యాలి. మరిచిపోకుండా ఉండటానికి ఒక్కోదానికి మూరెడు ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. లాగిన పిన్నుల్ని సంచిలో వేసుకోవాలని రూలు. మనవాడికి రూలంటే ఎప్పుడూ చిన్నచూపే. వెనక జేబులో దోపుకుంటాడు. నడుస్తుంటే ఎర్ర రిబ్బన్లు వెనకాల ఊగుతుంటాయి. ఇంక పేరు పెట్టడానికి వేరే పురోహితుడెందుకు? అతనికి కోపం వస్తే ఎవరో తోక తొక్కారంటారు, పై అధికారుల ముందు నోరు మెదపకపోతే తోక ముడిచాడంటారు. అతనూ నవ్వి ఊరుకుంటాడు. పని దగ్గర మాత్రం అతని మీద మచ్చ వెయ్యడానికి ఎవరికీ ఇంతవరకూ సందు దొరకలేదు.

ఆ రోజు మధ్యాహ్నం విమానంలో వాళ్ళక్క వెళ్ళింది.

అక్క అతనికన్నా చాలా పెద్దది. అమ్మ ఆస్పత్రిలో నర్సు, ఇంట్లో ఉన్నంతసేపూ నిద్రపోయేది. నాన్న గడియారాలు బాగుచేసే కొట్టులో పొద్దస్తమానం భూతద్దం కంటికి తగిలించుకుని కూర్చునేవాడు. కాబట్టి తమ్ముడికి అన్నం పెట్టడం, ముక్కు తుడవడం, అబద్ధాలాడి కాపాడటం అన్నీ అక్క వంతే. వీడు బంతి విసిరి కొట్టులో గోడ గడియారం అద్దం పగలగొట్టిన రోజున నాన్న బెల్టు తీశాడు. అక్క అడ్డం వచ్చి, "గాలికి పడింది నాన్నా. ఈ రెండు కళ్ళతో చూశాను," అంది. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. అయినా నాన్న నమ్మాడు. ఆ తరవాత పరీక్షలో తప్పినప్పుడూ అదే మాట, సైకిలు పోగొట్టినప్పుడూ అదే మాట. నిజంగా చూసినదాన్ని గురించి చెప్పేటప్పుడు అక్క ఉత్తినే "చూశాను" అంటుంది. రెండు కళ్ళూ సాక్ష్యానికి దిగాయంటే అబద్ధమన్నమాట. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. కూతురికి నెలలు నిండాయి, తోడుండాలి. రైల్లో అయితే రాత్రీ పగలూ కూర్చోవాలి. విమానమంటే భయం. "కింద నేల లేకుండా ఎలా రా కూర్చోవడం?" అని వారం రోజులు గునిసింది. చివరికి తమ్ముడే టికెట్టు కొని చేతిలో పెట్టాడు.

"నా చేతిమీదుగా వెళ్ళే విమానం అక్కా అది. కిటికీలోంచి చూస్తూ ఉండు. నా తోకలు రెండూ పైకెత్తి ఊపుతాను. రెండూ కనిపించాయంటే కట్లన్నీ విప్పేసినట్టే. ఇంక నువ్వు హాయిగా నిద్రపో."

"ఒకటే కనిపిస్తే?"

"ఒకటే కనిపించదు," అన్నాడు అతను, కొంచెం విసుగ్గానే.

అక్క ఎక్కింది. విమానం కదిలింది, ఎగిరింది. అతను టీ గదికి వచ్చి, అక్క మెట్లెక్కిన తీరు బావకి వర్ణించి చెబుతున్నాడు. బావంటే విమానాల్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు డ్రైవరు. ఆయన బావమరుదులు నలుగురు అక్కడే తలో పనిలో ఉండటంతో ఆయన అందరికీ బావైపోయాడు. టీ ఇంకా సగం కూడా అవ్వలేదు, మూల కూర్చున్న ఫోర్మన్ వాకీటాకీ గరగరలాడింది. మాట్లాడుతున్నది టవర్లో కూర్చునే అమ్మాయి. ఆ అమ్మాయి గొంతు తెలియనివాళ్ళు అక్కడ లేరు, మొహం తెలిసినవాళ్ళు తక్కువ.

"ఇప్పుడే లేచిన విమానం వెనక్కి వస్తోందండీ. చక్రాలు పైకి లాగితే వెనక రెండు కాళ్ళూ లోపలికెళ్ళాయి, ముందు కాలు వెళ్ళలేదు. మళ్ళీ దించితే వెనక రెంటికీ పచ్చ దీపాలు వచ్చాయి, ముందుదానికి ఏ దీపమూ లేదు. అది తాళం పడి నిలబడిందో, ఊరికే వేలాడుతోందో పైలట్‌కి తెలియడం లేదు. మీవాళ్ళకేమైనా తెలుసా?"

ఫోర్మన్‌కి మాట తక్కువ, బీపీ ఎక్కువ. తలెత్తి అతని వైపు చూశాడు. అప్పటికే అతని చెయ్యి దానంతటదే వెనక జేబు మీదికి వెళ్ళింది. జేబులో ఒకటే తోక ఉంది.

బయటికి లాగి చూశాడు. పొట్టిగా లావుగా ఉన్న పిన్ను. అది తిప్పుడు పిన్ను. ట్రాక్టరుతో విమానాన్ని నెట్టేటప్పుడు ముందు చక్రం తిరగడానికి పెట్టేది. పొడుగుది, కాలికి తాళంలా పడేది, తాళం పిన్ను. పొద్దున ముందు చక్రానికి టైరు మార్చేటప్పుడు తనే పెట్టాడు. పెట్టినట్టు బాగా గుర్తుంది. తీసినట్టు?

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయాడు. విమానం కడుపు కిందికి వంగాడు. లాగాడు. బయటికొచ్చి పైలట్‌కి చూపించాడు, పైలట్ బొటనవేలు ఎత్తాడు. వెంటనే అక్క కిటికీ కోసం వెతుక్కున్నాడు. అక్క అద్దానికి ముక్కు ఆనించి చూస్తోంది. నవ్వొచ్చింది. చెయ్యెత్తి ఊపాడు. ఆ చేతిలో ఎన్ని ఉన్నాయి? ఎంత తవ్వినా తెలియలేదు. చేతికి అలవాటైన పని మనసుకి గుర్తుండదు. ఇవాళ లాగినది గుర్తు చేసుకుందామంటే నిన్న లాగినదీ, మొన్న లాగినదీ కళ్ళ ముందుకొస్తున్నాయి.

"తీశావా?" అన్నాడు ఫోర్మన్.

"తెలీదండీ."

"తెలీదంటే?"

"జేబుకి చిల్లుంది. తీస్తే ఎక్కడో పడిపోయి ఉండాలి. తియ్యకపోతే కాలికే ఉండాలి."

ఆ చిల్లు సంగతీ చెప్పాలి. బరువైన పిన్నులు మోసీ మోసీ జేబు అడుగు పిగిలిపోయింది. నిన్ననే అక్క సూదీ దారం పట్టుకుని వెంటపడితే, "వచ్చాక కుట్టుదువుగాని లే," అని తప్పించుకున్నాడు.

అతను ఒక్క ఉదుటున బయటికి నడిచాడు. వెనకాలే బావ వచ్చాడు. విమానం నిలబడ్డ చోట సిమెంటు నేల మీద ఎండ మండిపోతోంది. ఒకచోట నూనె మరక ఉంది, ఇంకోచోట ఎవరో నమిలి ఉమ్మిన బబుల్‌గమ్ ఉంది. పిన్ను లేదు. ట్రాక్టరు సీటు కింద చూశారు. టూల్‌బాక్స్ బోర్లించారు. అతను నాలుగు కాళ్ళ మీద పాకుతూ మురుగు జాలీలోకి తొంగి చూశాడు. కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే పరిగెత్తాలనిపిస్తోంది. కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"దొరకాలి దేవుడా," అన్నాడు బావ. "దొరికితే నీ తప్పు లేనట్టే కదా."

"దొరక్కూడదు బావా."

బావ నిటారుగా నిలబడి అతని మొహంలోకి చూశాడు. మనిషికి ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాడు.

"ఇక్కడ దొరికిందనుకో, కాలికి లేనట్టు. అప్పుడు ఆ కాలు నిజంగానే పాడైనట్టు. నేల తగలగానే విరిగి ముక్కు రోడ్డుకి గీసుకుపోతుంది. నిప్పురవ్వలు, పైన రెక్కల్లో పెట్రోలు. పిన్ను కాలికే ఉందనుకో, అది ఇనప ముక్క. ఏనుగొచ్చి కూర్చున్నా కాలు వంగదు. నేను మర్చిపోయి ఉంటేనే అక్క బతుకుతుంది."

"మరి పచ్చ దీపం రావాలి కదా?"

"పిన్ను ఉండగా బలవంతాన లాగితే లోపల వైరు తెగి ఉండొచ్చు. అప్పుడు రాదు."

దొరక్కూడదని మొక్కుకుంటూ మూల మూలా వెతికే మనిషిని ఎవరైనా చూశారా? బావ ఆ రోజు చూశాడు. ఎండలో ఏదైనా తళుక్కుమంటే అతని గుండె ఆగిపోయేది. దగ్గరికెళ్తే సీసా మూత అయ్యేది. మళ్ళీ ఊపిరి ఆడేది. తప్పు చెయ్యలేదని నిరూపించుకోవడానికి జనం కోర్టుల చుట్టూ తిరుగుతారు. ఇతనేమో, తప్పు నాదే అయ్యుండాలి స్వామీ, నాదే అయ్యుండాలి అని సిమెంటు నేల మీద పాకుతున్నాడు. పైగా పిన్ను కనబడకపోయినంత మాత్రాన తేలేదేమీ లేదు. ఆ దారినే ఊడ్చే బండి వెళ్ళింది. అది చెత్తంతా పొట్టన పెట్టుకుని గేటు దాటి ఎటో వెళ్ళిపోయింది. దొరికితే తెలుస్తుంది, దొరక్కపోతే తెలియదు. ఇంతకన్నా పాడు వెతుకులాట ఇంకోటి ఉండదు.

ఈలోగా పైలట్ విమానాన్ని కిందకి దించి టవరు పక్కనుంచి తీసుకెళ్తానన్నాడు, అద్దాల్లోంచి కాలు ఎలా ఉందో చూడమన్నాడు. అగ్నిమాపక బళ్ళు అప్పటికే రన్‌వే పక్కన బారు తీరాయి. అతను పరిగెత్తి ఒక బండి పైకెక్కి, పైనున్నాయన చేతిలోని దుర్భిణి దాదాపు లాక్కున్నాడు.

విమానం చెవులు చిల్లులు పడేలా మోగుతూ వచ్చింది. ముందు కాలు దిగే ఉంది. చక్రం సూటిగానే ఉంది. రిబ్బను కోసం చూశాడు. ఎర్రగా ఏదో మెరిసింది. ఉంది అని అరవబోయాడు. అంతలోనే విమానం కడుపు కింద తిరిగే ఎర్ర దీపం గుర్తొచ్చింది. ఆశపడ్డ కంటికి ఎర్రది కనిపించడంలో వింతేముంది? ఆ కంటిని నమ్మి అన్ని ప్రాణాలు ఎలా ఒడ్డుతాడు? విమానం దాటిపోయింది. దుర్భిణి తిరిగి ఇచ్చేశాడు.

"కాలు దిగే ఉందండీ," అంది టవరు అమ్మాయి వాకీటాకీలో. "రిబ్బను మాత్రం కనబడలేదు. మేం ముగ్గురం చూశాం."

ఫోర్మన్ అక్కడికే జీపులో వచ్చాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని పైలట్‌తో మాటలు నడిపిస్తున్నాడు. టవరు అమ్మాయి అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తోంది. బయల్దేరేటప్పుడు రిబ్బన్లు ఎన్ని చూశారని అడిగిస్తే, "ఎర్రది ఏదో ఊగడం చూశాను, వేలెత్తాను. ఒకటా రెండా అంటే చెప్పలేను," అన్నాడట పైలట్. రోజూ చూసే దాన్ని ఎవరు లెక్కపెడతారు? ఇతనికి ఊపడం అలవాటు, ఆయనకి వేలెత్తడం అలవాటు. ఇద్దరి అలవాట్లూ కలిసి అక్కని ఆకాశంలో నిలబెట్టాయి.

పైలట్ ఒక ఆలోచన చెప్పాడు. పిన్ను లేకపోతే ఆ కాలు తాళం పడకుండా వేలాడుతున్నట్టే. వెనక చక్రాల్ని రన్‌వేకి గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి మళ్ళీ పైకి లేస్తాడు. ఆ కుదుపుకి ముందు కాలు జారి తాళంలో పడొచ్చు. పడుతుందన్న నమ్మకం లేదు. ఆ దెబ్బకి ముందు చక్రం కూడా తగిలితే అక్కడికక్కడే అయిపోతుంది, వెనక కాళ్ళకి ఏమైనా అయితే అదీ అంతే. పిన్ను ఉందని తెలిస్తే ఇదేమీ అక్కర్లేదు, నెమ్మదిగా దిగెయ్యొచ్చు. చక్రాలు దించుకుని తిరుగుతుంటే పెట్రోలు త్వరత్వరగా అయిపోతోంది. ఏదో ఒకటి త్వరగా తేల్చమంటున్నాడు.

అందరూ అతని వైపు చూశారు.

"మీ అక్కకి ఊపావు కదరా," అన్నాడు బావ హఠాత్తుగా. "ఆవిడ కిటికీలోంచి చూసింది కదా. ఆవిణ్ణి అడిగితే పోలా?"

ఫోర్మన్ బావని మొదటిసారి మనిషిలా చూశాడు. వెంటనే టవరుకి చెప్పాడు. ఎడమవైపు ముందు వరసల్లో కిటికీ పక్కన పెద్దావిడ ఉంటుంది, బయట మెకానిక్కు ఎర్ర రిబ్బన్లు ఎన్ని ఊపాడో అడగండి.

మొదట అతనికి ప్రాణం లేచొచ్చింది. అక్క చూసే ఉంటుంది. అక్క కన్ను తప్పించుకుని ఇంట్లో చక్కెర డబ్బా కూడా కదిలేది కాదు. అయితే ఆ తరవాత క్షణం నుంచీ వేరే గుబులు పట్టుకుంది. ఎయిర్‌హోస్టెస్ అక్క పక్కన కూర్చుని ఏమని అడుగుతుంది? "మీ తమ్ముడు ఎన్ని ఊపాడమ్మా?" అని అడుగుతుంది. రెండు ఊపితే పని సరిగ్గా చేసినట్టని అక్కకి తెలుసు, తనే చెప్పాడు. విమానం తిరిగి వెళ్తోందనీ, ఏదో తేడా వచ్చిందనీ కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది. అలాంటప్పుడు ఎవరో యూనిఫాం వేసుకుని వచ్చి మీ తమ్ముడి సంగతి చెప్పమంటే అక్కకి ఏమనిపిస్తుంది? నాన్న మళ్ళీ బెల్టు తీసినట్టే ఉంటుంది.

వాకీటాకీ గరగరలాడింది.

"అడిగారండీ," అంది టవరు అమ్మాయి. "ఆవిడ ముందు, ఎందుకు అడుగుతున్నారు, మా తమ్ముణ్ణి ఏమంటున్నారు అని వాళ్ళ మీదే లేచిందంట. తరవాత చెప్పింది. రెండూ ఊపాడంట. ఈ రెండు కళ్ళతో చూశాను అని గట్టిగా చెబుతోందంట."

బావ ఊపిరి వదిలాడు. ఫోర్మన్ చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "సరే. నీ తప్పు లేదని తేలిపోయింది," అన్నాడు. ఆ మాటలో జాలి ఉంది, కొంచెం గౌరవం కూడా ఉంది. "కాలే పాడైంది. మన ఖర్మ. పైలట్‌ని ఆ దెబ్బ కొట్టి చూడమని చెబుతాను."

ఎవరూ అతన్ని ఇంకేమీ అడగలేదు. రిబ్బను కనబడలేదని టవరు చెప్పింది. రెండూ ఊపాడని ప్రయాణికురాలు చెప్పింది. జేబు చిల్లు జేబులోనే ఉంది. నోరు మూసుకుని నిలబడితే చాలు, అతని మీద ఈగ కూడా వాలదు. రేపు ఎవరు విచారణకి వచ్చినా అక్క మాట అతనికి గోడలా నిలబడుతుంది. పరీక్ష తప్పినప్పుడు నిలబడినట్టే.

ఒక్క క్షణం అతను నిజంగానే నోరు మూసుకున్నాడు. అది భయం. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, అంతకన్నా పెద్దది ఇంకోటి. తను పొరబడి ఉంటే? అక్క ఈసారి నిజం చెప్పి ఉంటే? ఆకాశంలో, ప్రాణభయంలో, ఎవరైనా పాత అలవాటు మాట వాడతారా? పిన్ను ఉందని తను చెప్పి, అది లేకపోతే, అక్కని తన చేత్తో తను చంపుకున్నట్టే. అక్క ఒక్కతే కాదు, విమానం నిండా మనుషులు.

కానీ అతనికి గోడ గడియారం గుర్తొచ్చింది. ఆకు కదలని ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. బెల్టుకి అడ్డం నిలబడ్డప్పుడు అక్కకి మాత్రం భయం లేదా? అప్పుడూ కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే ఆ మాట అంది. భయమేసినప్పుడే అక్కకి ఆ మాట వస్తుంది.

"ఆగండి," అన్నాడు. "మా అక్క అబద్ధం చెబుతోంది."

ఫోర్మన్ వాకీటాకీ దించాడు. "ఏంటి?"

"ఒకటే చూసింది. నన్ను కాపాడటానికి రెండు అంటోంది. పిన్ను కాలికే ఉంది. నేను తియ్యలేదు."

"ఇందాక తెలీదన్నావు."

"ఇప్పుడు తెలుసు. ఈ రెండు కళ్ళతో చూశాను అందంటే చూడనట్టే. చిన్నప్పట్నించీ అంతే. నిజమైతే ఉత్త చూశాను అంటుంది."

అటువంటి సాక్ష్యం ఫోర్మన్ తన సర్వీసులో ఎన్నడూ విని ఉండడు. "ఒక మాట పట్టుకుని చెప్పమంటావా పైలట్‌కి? ఇది తప్పయితే?"

"తప్పయితే మా అక్క పోతుందండీ," అన్నాడు అతను. "నాకు అక్క ఒక్కతే ఉంది. తెలియకుండా చెబుతానా?"

ఫోర్మన్ వాకీటాకీ అతని చేతికే ఇచ్చాడు. అతను చెప్పాడు. టవరు అమ్మాయి మధ్యలో ఒకసారి మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాడు. తియ్యలేదు, నేనే మర్చిపోయాను, పిన్ను కాలికే ఉంది, దెబ్బ కొట్టకండి, నెమ్మదిగా దిగండి. అక్కడున్న పదిమందీ విన్నారు. అతను చొక్కా పైగుండీ తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"ఆయన ఒకటే అడిగారండీ," అంది టవరు అమ్మాయి చివరికి. "ఆవిడ మీ సొంత అక్కేనా అని. అవునన్నాను. అయితే దిగుతానన్నారు. జనాన్ని మాత్రం వీలైనంత వెనక్కి జరుపుతున్నారు, ముక్కు తేలిగ్గా ఉంటుందని."

విమానం దూరంగా చుక్కలా కనిపించి, పెద్దదవుతూ వచ్చింది. అతను బండి మీద నిలబడలేక కిందికి దిగాడు, కింద ఉండలేక మళ్ళీ ఎక్కాడు. బావ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. వెనక చక్రాలు నేలని తాకాయి. తెల్లగా పొగ లేచింది. ముక్కు ఇంకా గాల్లోనే ఉంది. పైలట్ దాన్ని అలాగే ఎత్తి పట్టుకుని, పట్టుకుని, పరిగెత్తిస్తున్నాడు. దించు బాబూ, దించు, అని అతను గొణుక్కుంటున్నాడు. మళ్ళీ తనే, వద్దు, అప్పుడే దించకు, అంటున్నాడు. వేగం తగ్గింది. ముక్కు మెల్లగా వాలింది. ముందు చక్రం నేలని తాకింది.

కాలు నిలబడింది.

విమానం ఆగాక అగ్నిమాపక బళ్ళు చుట్టుముట్టాయి. నురుగు చల్లాల్సిన పని పడలేదు. అతను ఎవరినీ అడక్కుండా కడుపు కిందికి వెళ్ళాడు. కాలి కీలు దగ్గర తాళం పిన్ను పొద్దున తను పెట్టినది పెట్టినట్టే ఉంది. దాని రిబ్బను గాలికి పీలికలై తెగిపోయి, బొటనవేలంత ఎర్ర ముక్క మిగిలింది. పిన్నుని ముట్టుకోలేదు. కాలికి తలానించి ఏడ్చాడు. తప్పు నాదే, తప్పు నాదే అని ఏడ్చాడు. అంత హాయిగా ఎవరూ తప్పు ఒప్పుకుని ఉండరు.

ఫోర్మన్ వంగి పిన్ను చూశాడు. చూసి, అతను లేచేదాకా ఆగాడు.

"నువ్వు చెప్పకపోతే ఇవాళ ఏం జరిగేదో," అన్నాడు. తరవాత చెయ్యి చాపాడు. "కార్డు ఇవ్వు తోకా. జేబులోది కూడా ఇవ్వు. ఇంక నా చేతుల్లో లేదు. రేపట్నించీ రానివ్వరు."

అతను మెడలోని కార్డు తీసి ఇచ్చాడు. వెనక జేబులోంచి పొట్టి పిన్ను తీసి, రిబ్బను చుట్టచుట్టి ఇచ్చాడు. ఫోర్మన్ రెండూ పట్టుకుని జీపు వైపు వెళ్ళిపోయాడు.

మెట్లు తగిలించారు. అందరూ దిగాక అక్క కనిపించింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆయాసపడుతూ దిగుతోంది. అతను సగానికి ఎక్కి చెయ్యి అందించాడు.

"ఏరా, మొహం అలా ఉందేం? నాకేం కాలేదు. పక్కన కూర్చున్నాయనే నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. నేను ఏడుద్దామంటే కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు."

"అక్కా, నేను ఎన్ని ఊపాను?"

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒకటే. చూశాను. అయ్యో, రెండోది మర్చిపోయాడేమో అనుకున్నాను. అంతలో ఆ అమ్మాయి వచ్చి నీ గురించి అడిగింది. వీళ్ళ తప్పు తీసుకొచ్చి నీ నెత్తిన రుద్దుతారని తెలీదా నాకు? రెండూ ఊపాడు, వెళ్ళి చెప్పు మీవాళ్ళతో అన్నాను. నోరెత్తలేదు మళ్ళీ." మాటల్లో గర్వం తొణికింది.

అతనికి కోపం వచ్చింది. చచ్చేదానివి అక్కా, నీతోపాటు వాళ్ళంతా చచ్చేవాళ్ళు, ఆ ఒక్క మాటతో, అని అరవాలనిపించింది. చావు ముందు కూర్చుని కూడా ఈ పిచ్చిది తన ఉద్యోగం గురించే ఆలోచించింది. ఆ కోపం బయటికి రాకముందే ప్రేమగా మారిపోయింది. ఎప్పటికీ చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

"మంచి పని చేశావక్కా," అన్నాడు.

"నిన్ను ఎవరూ ఏమీ అనలేదు కదా? ఆ ఫోర్మన్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదక్కా. నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఈ రెండు కళ్ళతో చూశాను."

నోరు జారాక గానీ అతనికి తెలియలేదు. అక్క మెట్టు మీద ఆగిపోయింది. అతని మెడ వైపు చూసింది. కార్డు లేదు. కొంచెం పక్కకి వంగి వెనక జేబు చూసింది. జేబు ఖాళీగా, చిల్లుతో వేలాడుతోంది. కిందనుంచి ఎవరో త్వరగా దిగమని కేక వేశారు. అక్క వినిపించుకోలేదు. అతని చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"అలాగా," అంది. మళ్ళీ మెట్లు దిగడం మొదలుపెట్టింది. కింద నేల మీద కాలు పెట్టాక అంది, "రైలుకే వెళ్దాం లే. రెండు టికెట్లు తియ్యి. ఆ జేబు దార్లో కుడతాను."